లోగుమ్మం దాటిన మాట

మా ముత్తాత నారసింహ దొరగారు ఉద్దానంలో పదకొండు గ్రామాలకు ముఠాదారు, అంటే చిన్న జమీందారు. ఆయన పల్లకీ కనిపిస్తే వజ్రపుకొత్తూరు నుంచి పలాస దాకా ఎవరైనా చెప్పులు విడిచి పక్కకు నిలబడేవారు. మా తాత రామభద్ర దొరగారికి తెల్లగొడుగు మర్యాద ఉండేది. అమ్మవారి సంబరంలో మొదటి కొబ్బరికాయ ఆయన కొట్టాకే ఊరు కొట్టేది. మా తండ్రి జగన్నాథ దొరగారు టెక్కలి కచేరీకి వెళితే అడగకుండానే కుర్చీ వేసేవారు. వంశచరిత్ర రాద్దామని ఈ ఉదయం కాగితాలు ముందు పెట్టుకుని ఇంతవరకూ రాశాను. అక్కడ కలం ఆగింది. కాశీబుగ్గలో నేను అద్దెకుంటున్న ఈ రెండు గదులకూ పక్కింటికీ మధ్య ఉన్నది ఒక తాటాకు తడక. దాని అవతల ఒక తల్లి కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెడుతోంది. కాగిన నీళ్ల ఆవిరి, ఆముదం వాసన తడకలోంచి వస్తున్నాయి. వాటితో పాటు ఆమె మాట. "ఇదేటి? సెయ్యి. ఇదేటి? ఇంకో సెయ్యి. మరి కాలేదీ? కాలెక్కడ దాసీసినావు దొంగా?" బిడ్డకు ఏడాది కూడా నిండలేదు. బదులు చెప్పలేడని ఆమెకు తెలుసు. అయినా అడుగుతోంది, ఆగుతోంది, మళ్లీ అడుగుతోంది. ఆ ఆగడంలో వాడి వంతు వాడికి వదిలిపెడుతోంది.

మాట్లాడి ఆగడం నాకు నేర్పిన మనిషి పేరు అసిరమ్మ. కొబ్బరిపీచుతో తాళ్లు పేనుకుని బతికిన మనిషి. వంశచరిత్రలో ఆమెకు చోటేమిటని మా బంధువులు అడుగుతారు. అడగనివ్వండి. నా తరువాత ఈ వంశంలో రాయవలసిన పేరు నా కొడుకుది. ఆమె లేకపోతే ఆ పేరు రాసే హక్కు నాకు ఉండేది కాదు. కాబట్టి ముందు ఆమె గురించి రాస్తాను.

మా మేడకు రెండు గుమ్మాలు. వీధిగుమ్మం దాటితే కచేరీ సావిడి. లోగుమ్మం దాటితే కుటుంబం ఉండే చోటు. లోగుమ్మానికి ఇత్తడి బొడిపెలు కొట్టిన పనసకర్ర తలుపులుండేవి. ఆ తలుపులు దాటిన నౌకరు నోరు విప్పకూడదని మా తాతగారి శాసనం. ఆయన ఒకసారి చుట్టాల ఇంట ఒక దొరబిడ్డ నోట "ఏటి" అన్న మాట విన్నారట. ఇంటికి వచ్చిన రోజే ఆ కట్టడి పెట్టారు. మా పిల్లల చెవిన పడితే పెద్దల మాటే పడాలి, కూలివాళ్ల మాట పడకూడదు. అందువల్ల మా లోపలి నౌకర్లందరూ చేతులతో మాట్లాడేవారు. ఒక వేలు ఎత్తితే నీళ్లు. అరచెయ్యి చూపితే అన్నం. రెండు చేతులూ గుండెకు ఆనిస్తే పెద్దమ్మగారు పిలుస్తున్నారని. పాలిచ్చే మనిషి కూడా బిడ్డకు పాలివ్వాలే గాని మాట ఇవ్వకూడదు. మా ఇంటికి వచ్చిన చుట్టాలు ఆ నిశ్శబ్దాన్ని మెచ్చుకునేవారు. మాకూ గర్వంగా ఉండేది.

నా చిన్నతనంలో దానివల్ల నష్టం తెలియలేదు. అప్పుడు ఇంటినిండా అత్తలూ, అక్కలూ, పిన్నులూ ఉండేవారు. వాళ్లు ఇంటివాళ్లు కాబట్టి రోజంతా మాట్లాడుకునేవారు. ఆ సందడిలో నాకు మాట వచ్చింది. నా కొడుకు నాటికి అత్తలు పోయారు, అక్కలు అత్తవారిళ్లకు వెళ్లారు. నా భార్య పురిటిజ్వరంతో పదకొండో రోజున కన్నుమూసింది. మా అమ్మగారు కోడలు పోయిన దుఃఖంతో సగం పూట మౌనవ్రతం పట్టారు, మిగతా సగం సంస్కృత పారాయణలో గడిపేవారు. ఇక నేను. మా ఇంట మగవాళ్లు అక్షరాభ్యాసం అయ్యేదాకా పిల్లలతో మాట్లాడే ఆనవాయితీ లేదు. రోజూ పొద్దున వాణ్ని సావిడిలోకి తెచ్చి చూపించేవారు. నేను చూసేవాణ్ని. తీసుకుపోయేవారు. ముత్తాతగారి పేరే పెట్టాను, నారసింహం అని. ఆ పేరు పెట్టి వాణ్ని పిలిచినవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు. అది నాకు మూడేళ్ల దాకా తోచలేదు.

మూడేళ్లు నిండినా వాడికి మాట రాలేదు. పిలిస్తే పలకడు. దాహమైతే ఒక వేలు ఎత్తేవాడు. ఆకలైతే అరచెయ్యి చాపేవాడు. మా ఇంటి భాష వాడికి చక్కగా వచ్చింది. ఆ భాషకు నోరు లేదు, అంతే. ఆ ఏడు రథయాత్రనాడు భోజనాలకు బంధువులు వచ్చారు. మా పెదనాన్నగారి కొడుకు భూపతి అన్న వాణ్ని, "ఇలా రా అబ్బీ" అని మూడుసార్లు పిలిచాడు. వాడు కదలలేదు. అన్న నోరు మూసుకుని చెయ్యి ఊపాడు. వాడు వెంటనే పరుగెత్తి వచ్చి ఒడిలో కూర్చున్నాడు. పంక్తిలో అందరూ చూశారు. అన్న వాడి తల నిమిరి, నా వైపు తిరిగి చాలా మెత్తగా అన్నాడు: "దేవుడు కాళ్లూ చేతులూ బాగానే ఇచ్చాడు తమ్ముడూ. చెవులో బుద్ధో, ఏదో ఒకటి మరిచిపోయాడు."

ఆ రోజుల ధర్మశాస్త్రం ఎలా ఉండేదో ఇప్పటివాళ్లకు చెప్పాలి. పుట్టుచెవిటివాడికీ, మూగవాడికీ, మందబుద్ధికీ తండ్రి ఆస్తిలో హక్కు లేదు. అన్నం పెట్టి, బట్ట ఇచ్చి ఇంట్లో ఒక మూల ఉంచుతారు. వాడు పెరుగుతాడు, ముసలివాడవుతాడు, ఆ మూలనే పోతాడు. మా ముఠాకు నా తరువాత నారసింహం కాకపోతే భూపతి అన్న కొడుకే వారసుడు. బంధుపెద్దలు ముగ్గురు కూర్చుని నాకు ఒక ఏడాది గడువిచ్చారు. వచ్చే రథయాత్రకు మళ్లీ వస్తారు. చెప్పిన మాట బిడ్డకు అర్థమవుతోందని చూపగలిగితే సరి. లేకపోతే అన్న కొడుకును వారసుడిగా ఒప్పుకుంటూ పత్రం మీద నేను సంతకం చేయాలి. వైద్యుడు వచ్చి బిడ్డ చెవిలో నూనె పోశాడు. ఉపవాసాలు చేశాం. నెల గడిచింది.

ఒకరోజు కాయలు దింపుతున్నారంటే బిడ్డను బండిలో ఎక్కించుకుని తోటకు వెళ్లాను. ఇంట్లో నలుగురి చూపులూ వాడి మీద పడడం నేను భరించలేకపోతున్నాను, అసలు సంగతి అది. తోట చివర పాక ముందు ఒకామె పీచు పేనుతూ కూర్చుంది. యాభై దాటి ఉంటుంది. మోచేతుల దాకా పచ్చబొట్లు. మా వైపు సముద్రపు పల్లెల ఆడవాళ్లు చాలామందిలాగే చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతోంది. బిడ్డ ఆమెకు ఎదురుగా నిలబడి పీచును చూస్తున్నాడు. వాడికి బాగా వెనుక, ఇసుకలో ఒక కాయ పడింది. వాడు గిరుక్కున తిరిగి చూశాడు. ఆమె చుట్ట తీసి పక్కన పెట్టింది.

"బాబు సెవిటోడు కాదు దొరా."

"నిన్నెవరు అడిగారు?" అన్నాను.

"ఎవులూ అడగనేదు. అడిగితేనే మాటాడాలంటే నానీపాటికి మూగదాన్నైపోదును." ఆమె పేనడం ఆపలేదు. "మా తమ్ముడు పుట్టుసెవిటోడు. పక్కన పిడుగు పడినా తల తిప్పడు. ఈ బాబు ఇసకలో కాయ పడితే ఇన్నాడు."

"వింటే మాట ఎందుకు అర్థం కాదు?"

అసిరమ్మ అప్పుడు తలెత్తి నన్ను చూసింది. దొరను చూసే చూపు కాదది. తాడు ఎక్కడ తెగిందో చూసే చూపు. "మీ లోగుమ్మం సంగతి ఊరందరికీ తెలుసు దొరా. పాలెట్టారు, అన్నమెట్టారు, మొలకి బంగారం ఎట్టారు. మాటెవులెట్టారు ఆడికి?"

ఆ మాటకు ఆమెను తోటలోంచి వెళ్లగొట్టవలసింది. కోపంతోనే బండెక్కాను. దారి పొడుగునా బిడ్డ నా ఎదురుగా కూర్చుని నా చేతుల వైపే చూస్తున్నాడు. ముఖం వైపు కాదు. చేతుల వైపు. నాలుగో రోజు మనిషిని పంపించాను.

ఆమె లోగుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. "ఈ గడప దాటినాక నా నోరు ముయ్యను. అలగైతేనే వత్తాను. నేదంటే నా పీచు నాకుంది." మా అమ్మగారు ఆ రోజు మౌనం విడిచి వచ్చి తలుపు పక్కన నిలబడ్డారు. "బిడ్డ నోట కూలిమాట వస్తే బాధ్యులెవరు?" అని అడిగారు. ఆమెను కాదు, నన్ను. అసిరమ్మే బదులు చెప్పింది. "ముందు ఏదో ఒక మాట రానీండమ్మగారూ. మురికైతే తరవాత కడుక్కుందురు గాని." అమ్మగారు పూజగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఆమె మాట నేను జవదాటడం అదే మొదటిసారి. నేనే లోగుమ్మం తలుపు తీసి పట్టుకున్నాను. అసిరమ్మ తన చుట్టను గడప అవతల ఆర్పి, చెవి మీద పెట్టుకుంది. "నోట్లో నిప్పెట్టుకుంటే మాటెలగొత్తాది," అని లోపలికి వచ్చింది. పగలంతా లోపల ఉండి సాయంత్రం బయటికి వెళ్లేటప్పుడు ఆ చుట్ట ముట్టించేది. ఏడాది పొడుగునా అదే పద్ధతి.

ఆమె మొదట చేసిన పని నౌకర్లందరినీ పిలిచి చేతులు వెనక్కి కట్టుకోమనడం. "ఆడికి మీ సేతులు సదవడం వచ్చు. సేతులు కనిపించినంతకాలం ఆడు నోటికేసి సూడడు. ఇకమీదట నీళ్లు కావాలంటే 'నీళ్లు' అనండి. ఏలెత్తినోడి ఏలు ఇరుత్తాను." నౌకర్లు నా వైపు చూశారు. నేను తల ఊపాను. అయినా ఒక్కరికీ నోరు పెగల్లేదు. మా వంటాయన సూరయ్య ముప్ఫై ఏళ్లుగా ఆ గుమ్మం లోపల పెదవి విప్పని మనిషి. మూడు రోజులు ప్రయత్నించి, నాలుగో రోజు బిడ్డ ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, పక్కగదికి వినపడకుండా గొణిగాడు: "ఉప్పు." అసిరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏటి సూరయ్యా, ఉప్పు దొంగతనం సేసి ఒప్పుకుంటన్నావా? గట్టిగా అను! ఉప్పుకి ఇనపడాల!" ఆ రోజు సూరయ్యకు కళ్లు చెమర్చాయి. నవ్వుకో, మరి దేనికో నాకు తెలియదు.

ఆమె పద్ధతి చూడడానికి పద్ధతిలా ఉండేది కాదు. వాణ్ని 'సిట్టిబాబూ' అని పిలిచేది. బిడ్డ కళ్లు ఎక్కడ ఉంటే అక్కడికి ఆమె మాట వెళ్లేది. వాడు పిల్లిని చూస్తే పిల్లి సంగతి. పిల్లి పోతే పోయిన సంగతి. తను చూపాలనుకున్నది వాడి ముందు పెట్టేది కాదు. ఒక పనికి రోజూ అవే మాటలు, అదే వరసలో. నీళ్లు తోడేటప్పుడు ఒక వరస, తల తుడిచేటప్పుడు ఒక వరస. మాట అన్నాక ఆగేది. వాడు ఏమీ అనడు. ఏదో అన్నట్టే ఆమె సాగించేది. "అలగా? సరే అయితే." నేను సావిడిలో కూర్చుని ఇదంతా వింటూ, దీన్ని చదువు అంటారా అని అనుకునేవాణ్ని.

కార్తీకం వచ్చింది. నాలుగు నెలలు. ఒక్క మాట లేదు. నేను ఓపిక పట్టలేక అడిగాను. "గడువులో మూడో వంతు పోయింది. బిడ్డ నోట ఇంతవరకు ఒక్క ముక్క రాలేదు."

"నోటితో మనకిప్పుడు పని నేదు దొరా. ఇనడం కావాల. సెవిలో పడింది లోపలికెల్లి కూకోవాల. కూకున్నాకే గదా లేచి బైటికొచ్చేది." కాస్త ఆగి అంది: "రేపు నీళ్లోసే ఏలకి రండి. ఓ పక్కన నిలబడి సూడండి. మాటాడకండి."

మర్నాడు స్నానాల అరుగు దగ్గర స్తంభం చాటున నిలబడ్డాను. ఆమె రోజూలాగే కాళ్లు చాపి వాణ్ని కూర్చోబెట్టుకుంది. "ఇదేటి? సెయ్యి," అని చెయ్యి కడిగింది. "ఇదేటి? కాలు," అని కాలు కడిగింది. అంతా రోజూ జరిగేదే. అప్పుడామె "సెయ్యి" అంటూ, చెయ్యి వదిలేసి, వాడి కాలు పట్టుకుంది. బిడ్డ కాలు గట్టిగా వెనక్కి లాక్కున్నాడు. ఆమె మళ్లీ "సెయ్యి, సెయ్యి" అంటూ కాలు పట్టుకుంది. వాడు కోపంతో ముఖం ఎర్రజేసుకుని, ఆమె చేతిని తోసేసి, తన కుడిచెయ్యి ఆమె ముక్కు మీదికి చాపాడు. ఇది కదా చెయ్యి, అంత మాత్రం తెలియదా అన్నట్టు. అసిరమ్మ స్తంభం వైపు చూడలేదు. నీళ్లు పోస్తూ అంది: "నాను తప్పు సెప్పితే తిరగబడ్డాడు. తెలీనోడు తిరగబడడు దొరా." మా వంశంలో ఎందరో ఎన్నో గెలిచినట్టు విన్నాను. ఆ చెయ్యి చాపడాన్ని మించిన గెలుపు నాకు ఏదీ గుర్తులేదు.

తరువాత ఆమె నా మీద పడింది. "ఇంక మీరు మాటాడాల." బిడ్డను తెచ్చి నా ఎదుట కూర్చోబెట్టింది. మూడున్నరేళ్ల బిడ్డతో ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. గొంతు సవరించుకుని, "నారసింహా, కుశలమేనా? ఆరోగ్యం ఎలా ఉన్నది?" అన్నాను. "ఏటి దొరా, సుట్టానికి ఉత్తరం రాత్తన్నారా?" అంది అసిరమ్మ. "మీ సెప్పులు సూత్తన్నాడు. సెప్పుల సంగతి సెప్పండి." చెప్పుల గురించి చెప్పాను. అవి రెండని చెప్పాను. కిర్రుమంటాయని చెప్పాను. చేతికర్ర గురించి, దాని వెండిపొన్ను గురించి, తలుపు మీది బొడిపెల గురించి, అప్పుడప్పుడు వచ్చే పెదనాన్న తలపాగా గురించి చెప్పాను. రోజూ గంటసేపు. సిగ్గు వారం రోజులు ఉంది. ఆ తరువాత ఆ గంట కోసం నేనే ఎదురుచూసేవాణ్ని.

అప్పుడు గమనించిన ఒక సంగతి ఇప్పటికీ నన్ను ఆశ్చర్యపెడుతుంది. స్నానాల అరుగు దగ్గర "సెంబు" అంటే వాడు చెంబు తెచ్చేవాడు. అదే మాట వంటింట్లో అంటే, ఎదురుగా చెంబు ఉన్నా, అరుగు దగ్గరికి పరుగెత్తేవాడు. మాటకు ఆ చోటు కూడా అంటుకుని ఉంది. మాట నుంచి చోటును విడదీయడానికి అసిరమ్మకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఆ చెంబును చంకన పెట్టుకుని తిరిగింది. వంటింట్లో సెంబు, పెరట్లో సెంబు, పూజగది ముందు సెంబు. పూజగది లోంచి మా అమ్మగారి పారాయణ ఒక్కక్షణం ఆగి మళ్లీ సాగేది.

రథయాత్ర వచ్చింది. బంధుపెద్దలు ముగ్గురూ, భూపతి అన్న, అన్న వెంట టెక్కలి నుంచి ఒక వకీలు వచ్చారు. కచేరీ సావిడిలో కూర్చున్నారు. అన్న ముందే అన్నాడు: "ఆ ఆడమనిషి ఇక్కడ ఉండకూడదు. ఆవిడ సైగలు చేస్తుందని ఊరంతా అనుకుంటున్నారు." సైగలు మాన్పించిన మనిషిని సైగలు చేస్తుందన్నారు. అసిరమ్మ వీధిగుమ్మం అవతలికి వెళ్లి మెట్ల మీద కూర్చుంది. ఇక అడగవలసింది నేను. ఎవరూ అడగకుండానే నా ఉత్తరీయం తీసి వకీలుకిచ్చి, నా చేతులు వెనక్కి కట్టమన్నాను. "చాలా బాగుంది," అన్నాడాయన, కట్టాడు. పత్రం అన్న ముందు పీట మీద సిద్ధంగా ఉంది. కలం కూడా ఉంది.

బిడ్డ సావిడి మధ్య నిలబడ్డాడు. ఇంతమందిని చూసి బెదిరాడు. నేను వీపు నిటారుగా పెట్టి, మా తండ్రిగారు కూర్చునే చోట నిలబడి అడిగాను. పెద్దల ముందు ఎలా మాట్లాడాలో నాకు పుట్టుకతో వచ్చిన తీరులోనే అడిగాను. "నారసింహా, తలుపు వెనుక నున్న జలపాత్రను ఇటు తీసుకొని రమ్ము." బిడ్డ నా ముఖం చూశాడు. తరువాత నా చేతుల కోసం చూశాడు. చేతులు కనిపించలేదు. వాడు మెల్లగా ఒక వేలు ఎత్తాడు. ఏడాదిగా ఎత్తని వేలు.

భూపతి అన్న పత్రాన్ని అంగుళం ముందుకు జరిపాడు.

అసిరమ్మ మాటలు నాకు తెలుసు. ఏడాదిగా వింటున్నవే. అవి ఏకాంతంలో నా నోటి నుంచి కూడా ఒకటి రెండుసార్లు వచ్చాయి. కానీ అక్కడ, మా తాతగారి సావిడిలో, ఏ మాటను ఈ ఇంటికి రాకుండా ఆయన శాసనం చేశారో ఆ మాటను, దాయాదుల ముందు, ఆ ఇంటి యజమానిగా నేను అనాలి. ఎంతసేపు పట్టిందో తెలియదు. లోగుమ్మం వెనుక మా అమ్మగారి గాజులు లేని చెయ్యి తలుపు మీద ఉండడం కనిపించింది. బిడ్డ వేలు ఇంకా అలాగే ఉంది.

"సిట్టిబాబూ," అన్నాను. "ఆ సెంబు అట్టుకొచ్చీ నాయినా. అటు కాదు. తలుపెనకాల సూడు."

వేలు దిగింది. వాడి ముఖం ఇంత అయింది. గిర్రున తిరిగి, తలుపు వెనక్కి వెళ్లి, రెండు చేతులతో చెంబు మోసుకొచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు. ఒక పెద్దాయన "భేష్" అన్నాడు. భూపతి అన్న మాత్రం నవ్వాడు. "చెంబు రోజూ తెస్తాడేమో. కుక్క కూడా నేర్చుకుంటుంది." వకీలు న్యాయంగానే మాట్లాడాడు. "ఎన్నడూ అడగని పని ఏదైనా అడగండి."

నాకు ఆలోచించవలసిన పని లేకపోయింది. "సిట్టిబాబూ, పెదనాన్న నెత్తి మీద తలపాగా ఉంది సూడు. అది అట్టుకొచ్చీ బేగి."

వాడు అందరినీ చూశాడు. తలపాగాలు మూడున్నాయి. నేరుగా అన్న దగ్గరికి వెళ్లి, ఒళ్లోకి ఎక్కి, రెండు చేతులతో తలపాగా లాగేశాడు. అన్న పట్టుకోబోయేలోగా దిగిపోయి, అది ఈడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నా చేతులు కట్టి ఉన్నాయి కదా, తీసుకోలేకపోయాను. వాడు కాసేపు చూశాడు. ఆగాడు. తరువాత నోరు తెరిచి, అసిరమ్మ రోజుకు వందసార్లు అనే మాటను, ఆమె యాసతోనే అన్నాడు.

"ఇందా."

అదే వాడి మొదటి మాట. సావిడిలో నవ్వులు మొదలయ్యాయి. వకీలు నా కట్లు విప్పుతూ పత్రాన్ని మడిచి అన్నకు ఇచ్చేశాడు. బట్టతలతో ఉన్న భూపతి అన్నకు తలపాగా నేనే స్వయంగా అందించాను, రెండు చేతులతో, మర్యాదగా. తరువాత వీధిగుమ్మం దాటి వెళ్లాను. అసిరమ్మ మెట్ల మీద కూర్చుని చుట్ట ముట్టిస్తోంది. లేవలేదు. "దొరా, మీ నోట 'అట్టుకొచ్చీ' అని ఇన్నాను. ఇంక సచ్చినా పరవానేదు." ఏం కావాలో అడగమన్నాను. తోట ఇస్తానన్నాను. "తోటెందుకు? ఆ లోగుమ్మం తలుపులు తీయించీండి. గాలాడతాది." మా అమ్మగారు ఉండగా అది జరిగే పని కాదన్నాను. "అలగైతే ఎప్పుడో ఓపాలి తీయించీండి," అంది. ఆ తరువాత ఎప్పుడు కనిపించినా ముందు ఆ తలుపుల సంగతే అడిగేది. నేను ఎప్పుడో అనేవాణ్ని. అమ్మగారు ఆ గదిలోనే ఉన్నారు, పారాయణ అలాగే సాగింది. ఒకసారి మాత్రం, అసిరమ్మ రాని రోజున, అరుగు దగ్గర నుంచి అమ్మగారి గొంతు విన్నాను: "కాలు ఏదిరా?" నన్ను చూసి నోరు మూసుకున్నారు. నేనూ చూడనట్టు వెళ్లిపోయాను.

నారసింహానికి పదకొండేళ్లప్పుడు అసిరమ్మకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. సముద్రం ఒడ్డున ఆమె అన్న కొడుకు ఇంట్లో ఉందంటే వాణ్ని తీసుకుని వెళ్లాను. ఇంటినిండా జనం ఉన్నారు. ఆమె మంచం పక్కనే నిలబడి, ఆమె అక్కడ లేనట్టే, ఆమె ఎన్నాళ్లుంటుందో మాట్లాడుకుంటున్నారు. నా కొడుకు మంచం పట్టె మీద కూర్చున్నాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "అసిరమ్మా, నీళ్లు కావాలా?" అని అడిగి, ఆగాడు. చాలాసేపు ఆగాడు. గుడిసెలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆమె కుడిచేతి చూపుడువేలు మెల్లగా లేచింది. మా ఇంటి సైగ. వాడు చెంబు తెచ్చి నీళ్లు పోశాడు. ఆమె కళ్లు నా వైపు తిరిగాయి. తలుపుల సంగతి అడుగుతోందని నాకు అర్థమైంది. అందరి ముందు తల ఊపాను.

నారసింహం ఇప్పుడు పలాస స్టేషన్‌లో టికెట్లిచ్చే గుమస్తా. మా వంశంలో జీతం పుచ్చుకున్న మొదటి మనిషి. ఇచ్ఛాపురం వైపు నుంచి ఒరియావాళ్లు వస్తారు, కొండల మీద నుంచి సవరలు దిగుతారు, ఉద్దానం రైతులు వస్తారు. కిటికీ అవతలి మనిషి తన మాట పూర్తి చేసేదాకా వాడు ఆగుతాడని, విసుక్కోడని చెప్పుకుంటారు. గ్రామాలు పోయాయి. వ్యాజ్యాల్లో కొన్ని, తుపానుల తరువాత కొన్ని. పల్లకీ పోయింది. దానికి నేను తల దించుకోను. ఈ వీధిలో నేను వీపు నిటారుగా పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతానని, దొరతనం పోయినా దర్పం పోలేదని అంటారట. దర్పం ఉంది, కాదనను. కానీ ఆ చేతులు వెనక్కి కట్టించినది అసిరమ్మ. ఇప్పుడు ఈ కాగితాలు మడిచి పెట్టి తడక దగ్గరికి వెళతాను. పక్కింటి బిడ్డ నా చెప్పుల కిర్రు విని ఇటు తిరుగుతాడు. ఇవి చెప్పులురా, రెండు, అని చెబుతాను. చెప్పి ఆగుతాను.

మేడలో మొట్టమొదట అమ్మినవి లోగుమ్మం తలుపులు. మా అమ్మగారి సంవత్సరీకం అయిన మర్నాడు ఊడదీయించాను. నౌపడ ఉప్పు వర్తకుడు ఒకడు వాటిని ఎద్దుబండి మీద వేసుకుని తీసుకుపోయాడు.